కాపరి మాట: దిగువనున్న పొరుగువాడు



ఔటర్ రింగ్ రోడ్డు మీద అప్పా జంక్షన్ నుండి శంషాబాద్ వైపు వచ్చేవారికి దారి ప్రక్కన కనుచూపు మేర నీళ్ళు కనిపిస్తాయి. అది హిమాయత్ సాగర్. సెలవు రోజుల్లో కుటుంబాలు అక్కడ ఆగుతాయి. పిల్లలు నీళ్ళను చూసి కేరింతలు కొడతారు. పెద్దలు ఫోటోలు తీసుకుంటారు. కాల్చిన మొక్కజొన్న కంకులు తింటూ కాసేపు కూర్చుంటారు. అది దానంతట అదే ఏర్పడిన సరస్సు అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఈసీ నదికి అడ్డంగా మనుష్యులు కట్టిన ఆనకట్ట వెనుక నిలిచిన జలాశయము. దానిని కట్టించడానికి కారణమైనది ఒక గొప్ప విపత్తు.

ఈ నెల ఆ జలాశయమును గూర్చి వ్రాయాలని ప్రభువు నన్ను ప్రేరేపించాడు. ఎందుకనగా, 2008 మార్చిలో శంషాబాద్‌లో విమానాశ్రయము ప్రారంభమైన నాటినుండి మన ప్రాంతపు కుటుంబాలలో స్థలముల మాట వినబడని ఇల్లు లేదు. "అయ్యగారూ, ఒక ప్లాటు చూశాము, ప్రార్థన చేయండి" అని కొనేవారు అడుగుతారు. "అయ్యగారూ, మంచి బేరము వచ్చింది, ప్రార్థన చేయండి" అని అమ్మేవారు అడుగుతారు. ఇద్దరి కొరకూ ప్రార్థిస్తాము. అది మంచిదే. అయితే ఆ నేల మీద పడిన వాన ఎటు పోతుంది, దాని దిగువన ఎవరు నివసిస్తున్నారు అని అడిగేవారు బహు కొద్దిమంది. ఈ ప్రశ్న కూడా విశ్వాసి అడుగవలసినదే అని హిమాయత్ సాగర్ చరిత్ర మనకు నేర్పుచున్నది.

వాన ఒకచోట, వరద మరొకచోట

మూసీ నది వికారాబాదు దగ్గర అనంతగిరి కొండలలో పుట్టి తూర్పుగా ప్రవహిస్తుంది. ఈసీ దాని ఉపనది. శంషాబాద్ వైపు నేలల నీళ్ళను కలుపుకొని వచ్చి లంగర్ హౌజ్ దగ్గర బాపూ ఘాట్ వద్ద మూసీలో కలుస్తుంది. ఈ రెండూ కలిసి హైదరాబాదు నగరము మధ్య నుండి పోయి, చివరకు నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో చేరతాయి. ఎండాకాలంలో మూసీని చూసినవారు ఇది ఎవరికి హాని చేస్తుంది అనుకుంటారు. అంత సన్నని ధార.

1908 సెప్టెంబరు చివరి వారములో ఆ సన్నని ధారయే నగరమును ముంచివేసింది. పాతవారు దానిని తుగ్యానీ అని పిలిచేవారు. సెప్టెంబరు 28న వరద పతాకస్థాయికి చేరింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. వంతెనలు తెగిపోయాయి. వేలాది ఇండ్లు కూలిపోయాయి. చనిపోయినవారు సుమారు 15,000 మంది అని సాధారణంగా లెక్క చెబుతారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తన తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొని తానొక్కరే బ్రతికారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకున్నారు.

ఆ నీళ్ళన్నీ ఎక్కడివి? మరుసటి సంవత్సరము, అనగా 1909లో, నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన చేసిన మొదటి పని, నదికి ఎగువనున్న నేలను పరిశీలించుట. అక్కడ ఆయనకు దొరికిన లెక్కలలో మన ఊరి పేరు కూడా ఉన్నది. శంషాబాద్‌లో 24 గంటలలో 12.8 అంగుళాలు, 48 గంటలలో 18.9 అంగుళాల వాన కురిసింది. నగరానికి ఎగువన మూసీ పరీవాహక ప్రాంతములో 788 చెరువులుండగా, వాటిలో 221 తెగిపోయాయి.

మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారితే ఆ నీళ్ళు క్రింది చెరువులోకి వస్తాయి. అది నిండితే దాని అలుగు నుండి మరొక చెరువుకు పోతాయి. ఆ వరుస సక్రమంగా ఉన్నంతకాలం ఒక ఊరి మిగులు మరొక ఊరికి పంటగా మారుతుంది. కాని పై చెరువు కట్ట తెగితే, క్రింది చెరువు మీద దాని నీళ్ళు ఒక్కసారిగా పడతాయి. అదీ తెగుతుంది. రెండు చెరువుల నీళ్ళు కలిసి మూడవదాని మీద పడతాయి. 1908లో జరిగినది ఇదే. శంషాబాద్ పొలాల మీద కురిసిన వాన అఫ్జల్‌గంజ్‌లో నిద్రపోతున్న పిల్లల ప్రాణములు తీసింది. పైనున్నవారికి దిగువవారి ముఖములు తెలియవు, పేర్లు తెలియవు. అయినా వారి బ్రతుకులు ఒకే నీటితో ముడిపడి ఉన్నాయి.

ఒక ధర్మశాస్త్రోపదేశకుడు యేసుప్రభువును, నా పొరుగువాడెవడు అని అడిగినప్పుడు ప్రభువు యెరికో దారిలో గాయపడినవాని కథ చెప్పాడు (లూకా 10:25-37). ఆ కథలో సమరయునికి గాయపడినవాడు బంధువు కాడు, ఒకే ఊరివాడు కాడు. అయినా అతడే పొరుగువాడైనాడు. ప్రియులారా, మన గోడకు గోడ ఆనుకొని ఉన్నవారే పొరుగువారని మనము అనుకుంటాము. నదీతీరమున బ్రతికేవారికి పొరుగువాడు ముప్పై కిలోమీటర్ల దూరములో కూడా ఉండవచ్చు. మన నీళ్ళు ఎవరి గడప దగ్గరికి పోతాయో వాడు మనకు పొరుగువాడే.

ఖాళీగా ఉంచిన చోటు

విశ్వేశ్వరయ్య గారు ఇచ్చిన సలహా ఇది. నగరము దగ్గర గట్లు ఎత్తుగా కట్టినంత మాత్రాన వరద ఆగదు. నగరానికి ఎగువననే మూసీకి ఒకటి, ఈసీకి ఒకటి, రెండు జలాశయములు కట్టి, వచ్చిన వరదను అక్కడ నిలిపి, నది మోయగలిగినంత మాత్రమే క్రమముగా క్రిందికి వదలాలి. ఆ సలహా ప్రకారమే మూసీ మీద గండిపేట దగ్గర ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తయింది. ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయింది. మొదటిదానికి ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు, రెండవదానికి ఆయన పెద్ద కుమారుడు హిమాయత్ అలీ ఖాన్ పేరు పెట్టారు. వరదను ఆపుటకు కట్టిన ఈ రెండు జలాశయములే తరువాత ఎన్నో దశాబ్దములు నగరమునకు త్రాగునీరు ఇచ్చాయి.

హిమాయత్ సాగర్ పూర్తి నీటిమట్టము 1763.50 అడుగులు. దానిలో పట్టే నీరు సుమారు 2.97 టి.ఎం.సి.లు. గేట్లు 17. ఉస్మాన్ సాగర్ మట్టము 1790 అడుగులు, నీరు సుమారు 3.9 టి.ఎం.సి.లు, గేట్లు 15. వానాకాలములో ఈ అంకెలు పత్రికలలో రోజూ వస్తుంటాయి. జలాశయము నిండుకుండలా ఉంటే మనకు సంతోషము కలుగుతుంది. ఫోటోలు కూడా నిండిన రోజునే తీసుకుంటాము. కాని వరదను కాపాడే పనిలో జలాశయము యొక్క బలము దానిలో ఉన్న నీళ్ళలో లేదు, మిగిలి ఉన్న ఖాళీలో ఉన్నది. అంచుల వరకు నిండిపోయిన జలాశయము వచ్చిన వరదను వచ్చినట్టే క్రిందికి పంపవలసిందే. అందుకే గేట్ల దగ్గర ఉండే ఉద్యోగులు ఎగువన ఎంత వాన పడింది, ఎంత నీరు వస్తున్నది, ఇంకా ఎంత చోటు ఉన్నది అని రాత్రింబగళ్ళు లెక్క చూస్తారు. ముందుగా కొంచెము కొంచెము వదలితే క్రిందివారు తప్పుకోవడానికి సమయము దొరుకుతుంది. ఆలస్యము చేసి అన్ని గేట్లూ ఒకేసారి ఎత్తవలసి వస్తే రక్షించుటకు కట్టినదే భయపెట్టేది అవుతుంది.

ఆదికాండము 41వ అధ్యాయములో యోసేపు చేసిన పని జ్ఞాపకము చేసుకోండి. సమృద్ధిగా పండిన ఏడు సంవత్సరములలో ఐదవ వంతు ధాన్యమును ప్రక్కకు తీసి నిల్వ చేయించాడు. ఆ రోజుల్లో ఐగుప్తులో కడుపునిండా తిన్నవారికి, ఈ కొట్లు ఎందుకు, ఈ ధాన్యము కూడా అమ్ముకోవచ్చు కదా అనిపించి ఉండవచ్చు. కరవు వచ్చినప్పుడు ఆ కొట్లే ఐగుప్తును, చుట్టుప్రక్కల దేశములను, యోసేపును అమ్మివేసిన అన్నలను కూడా బ్రతికించాయి. రాబోయే దినమును తలంచి, మన కంటికి కనబడనివారి కొరకు, ఇప్పుడు వాడుకోగలిగినదానిని వాడుకోకుండా ఉంచుట దేవుని పిల్లలకు క్రొత్త సంగతి కాదు.

పై ఊళ్ళవారి గోడు

ఇంతవరకు చెప్పినది వినడానికి బాగానే ఉన్నది. అయితే ఆ ఖాళీ చోటు కొరకు, ఆ మంచి నీళ్ళ కొరకు ఖర్చు ఎవరు భరించారు? ఈ మాట అడుగకుండా పొరుగువాని ప్రేమను గూర్చి ప్రసంగించుట న్యాయము కాదు.

1996 మార్చి 8న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 111వ నంబరు జి.ఓ. ఇచ్చింది. రెండు జలాశయముల నీళ్ళు చెడిపోకుండా, వాటికి వచ్చే వాగులు మూసుకుపోకుండా, 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్యము కలిగించే పరిశ్రమలను, పెద్ద హోటళ్ళను, నివాస కాలనీలను నిషేధించింది. 84 గ్రామములు దాని క్రిందికి వచ్చాయి. మొయినాబాద్, చేవెళ్ళ, శంకర్‌పల్లి, రాజేంద్రనగర్, మన శంషాబాద్ మండలాల ఊళ్ళు అందులో ఉన్నాయి. ఒక నూనెల కర్మాగారమునకు ఆ నిషేధము నుండి మినహాయింపు ఇవ్వాలని చేసిన ప్రయత్నము సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. త్రాగునీరు పౌరుల జీవించే హక్కులో భాగమని, ఆ మినహాయింపు చెల్లదని 2000 డిసెంబరులో న్యాయస్థానము తేల్చి చెప్పింది. తరువాత 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము 69వ నంబరు జి.ఓ. ద్వారా ఆ ఆంక్షలను తొలగించి, జలాశయముల రక్షణకు వేరే మార్గములు చూడమని ఒక కమిటీని నియమించింది. 2023 మేలో 111వ జి.ఓ.ను పూర్తిగా రద్దు చేయాలని మంత్రిమండలి నిర్ణయించింది.

ఈ ఇరవై ఏడేండ్ల సంగతిని పత్రికలలో చదివితే అంకెలే కనిపిస్తాయి. ఊళ్ళలో వింటే కన్నీళ్ళు కనిపిస్తాయి. రెండెకరాలున్న ఒక పెద్దాయన ప్రార్థన కూటము అయిపోయిన తరువాత నాతో ఇట్లా అన్నారు. "అయ్యగారూ, పట్నపోళ్ళ నీళ్ళ కోసం మా భూమిని కట్టేసిండ్రు. రోడ్డు అవతల ఊళ్ళె ఎకరం కోట్లు పలుకుతుంటె, మాది అడిగెటోడు లేడు. బిడ్డ పెండ్లికి అప్పు జేసిన. మేము నీళ్ళు కాపాడినమని పట్నంల ఎవరన్న ఒక్క మాట అన్నరా?" నేను ఆయనకు వెంటనే జవాబు చెప్పలేదు. ఆయన అడిగినది న్యాయమైన ప్రశ్న.

అదే సంవత్సరము చాదర్‌ఘాట్ వైపు నది ఒడ్డున కాపురమున్న ఒక సహోదరి ఇంటికి ప్రార్థనకు వెళ్ళాను. ఆమె అన్నమాట కూడా వినండి. "అయ్యగారూ, పైన వాన పడ్డదంటె మాకు నిద్ర ఉండది. గేట్లు ఎత్తిండ్రా, ఎన్ని ఎత్తిండ్రు అని ఒకరికొకరు ఫోన్లు జేసుకుంటం. సర్టిఫికెట్లు, పిల్లల బుక్కులు సంచిల కట్టి అటక మీద పెట్టుకున్నం." ఆ పెద్దాయన, ఈ సహోదరి ఒకరినొకరు ఎన్నడూ చూడలేదు. ఇద్దరూ ఒకే ప్రభువు బల్లలో పాలుపొందుచున్నారు. ఇద్దరి మధ్యా పారుతున్నది ఒకే నీరు.

సమరయుని కథలో మనము త్వరగా దాటిపోయే ఒక చిన్న సంగతి ఉన్నది. అతడు గాయములు కట్టి ఊరుకోలేదు. పూటకూళ్ళ ఇంటివానికి రెండు దేనారములు ఇచ్చాడు. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానని మాట ఇచ్చాడు. గాయపడినవానిని చూసుకొనే భారము పూటకూళ్ళ ఇంటివాని మీద పెట్టి, ఖర్చు మాత్రము అతడినే భరించుకోమని చెప్పి వెళ్ళిపోలేదు. ప్రేమకు ఒక లెక్క ఉన్నది. ఆ లెక్క ఎవరో ఒకరు కట్టాలి. పై ఊళ్ళ రైతు నేలను ఖాళీగా ఉంచి నగరమును కాపాడుచున్నప్పుడు, ఆ రెండు దేనారములు నగరమే కట్టుట ధర్మము. ఒక్క రైతు నెత్తిన మొత్తము పెట్టి, వాడు సణిగితే స్వార్థపరుడని అనుట సమరయుని మార్గము కాదు.

ఇది జరిగే పనేనా అని మీరు అడుగవచ్చు. నెదర్లాండ్స్ దేశములో జరిగింది. అక్కడ 1995లో నదులు పొంగి, గట్లు తెగుతాయనే భయముతో సుమారు 2,50,000 మందిని ఇండ్లు ఖాళీ చేయించవలసి వచ్చింది. ఆ తరువాత ఆ దేశము గట్లను ఇంకా పైకి లేపుట చాలించి, అనేక చోట్ల నదికే చోటు విడిచిపెట్టాలని నిర్ణయించుకొన్నది. ఓవర్‌డీప్ అనే చోట రైతులు తామే ముందుకు వచ్చి, మా పొలాలలోకి వరదను రానివ్వండి, మా ఇండ్లను, పశువుల కొట్టాలను ఎత్తైన మట్టిదిబ్బల మీద కట్టుకుంటాము అన్నారు. వెళ్ళిపోవలసి వచ్చినవారికి ప్రభుత్వము పరిహారమిచ్చింది. పైవారు చోటు ఇచ్చారు, దేశమంతా కలిసి ఖర్చు భరించింది. మన దేశము వేరు, మన పరిస్థితులు వేరు. అయినా, చోటు ఇచ్చేవాడొకడు, ఖర్చు భరించేవాడొకడు ఉండవచ్చునని ఆ సంగతి మనకు చూపించుచున్నది.

కాళ్ళతో కలచిన నీళ్ళు

నగరానికి ఇప్పుడు కృష్ణా నీళ్ళు నాగార్జునసాగర్ నుండి, గోదావరి నీళ్ళు ఎల్లంపల్లి నుండి వస్తున్నాయి కదా, ఈ పాత జలాశయములతో పనేమిటి అని కొందరు అంటారు. నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము నుండి పంపులు పెట్టి నీళ్ళు తెచ్చుకొనుట ఎంత ఖర్చో ఒక ప్రక్కన ఉంచండి. త్రాగునీరు ఎక్కడ నుండి వచ్చినా, మన మీద పడే వాన మాత్రము మూసీ, ఈసీలలోకే పోతుంది. హిమాయత్ సాగర్‌ను కట్టిన మొదటి కారణము ఇంకా అట్లాగే ఉన్నది.

2020 అక్టోబరు 13 రాత్రి దానిని మన కళ్ళతో చూశాము. దాదాపు పది సంవత్సరముల తరువాత హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారు. అదే రాత్రి మన ప్రక్కనున్న గగన్‌పహాడ్‌లో అప్ప చెరువు తెగి, బెంగుళూరు జాతీయ రహదారి కోతపడింది. ప్రాణములు కూడా పోయాయి. విమానాశ్రయము నుండి నగరానికి పోయే పాత దారి అది. తిరిగి 2025 సెప్టెంబరు 26, 27 తేదీలలో రెండు జలాశయముల గేట్లూ ఎత్తవలసి వచ్చినప్పుడు మూసీ నీళ్ళు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి చేరి, ప్రయాణీకులను బయటికి తీసుకురావలసి వచ్చింది. 1908కీ ఇప్పటికీ ఒక భేదమున్నది. అప్పుడు పైన ఆనకట్టలు లేవు. ఇప్పుడు ఉన్నాయి. కాని అప్పుడు ఒడ్డున లేనన్ని ఇండ్లు ఇప్పుడు ఒడ్డున, కొన్నిచోట్ల నది కడుపులోనే ఉన్నాయి. చెరువుల మధ్యనున్న వాగులు అనేక చోట్ల సన్నని మురుగు కాలువలైపోయాయి.

యెహెజ్కేలు ప్రవక్త ద్వారా దేవుడు బలిసిన గొఱ్ఱెలతో ఒక మాట అడుగుతాడు. తేట నీళ్ళు మీరు త్రాగి, మిగిలిన నీళ్ళను కాళ్ళతో కలచి మురికి చేయుట మీకు చాలని పనిగా ఉన్నదా, నా మందలోని తక్కినవి మీరు త్రొక్కిన నీళ్ళే త్రాగవలెనా అన్నట్టుగా ఆ ప్రశ్న ఉన్నది (యెహెజ్కేలు 34:18-19). అది నీళ్ళను గూర్చిన ఉపమానము. కాని ఈ దినములలో అది ఉపమానముగానే మిగలలేదు. వాగును పూడ్చి గోడ కట్టినప్పుడు, ఫంక్షన్ హాలు మురుగును చెరువులోకి వదలినప్పుడు, చెత్త లారీని కట్ట వెనుక ఒంపినప్పుడు, ఎగువనున్నవాడు త్రాగి దిగువవానికి బురద మిగుల్చుచున్నాడు. ఆ పని చేసినవారిలో ఆదివారము మందిరములో కూర్చొనేవారు కూడా ఉంటే, ఆ గొఱ్ఱెలను అడిగిన దేవుడు మనలను అడుగడా?

ప్లాటు కొనేముందు

పెద్ద పెద్ద నిర్ణయములు ప్రభుత్వములు చేస్తాయి. మనము వారి కొరకు ప్రార్థించాలి, ఓటు వేసేటప్పుడు ఆలోచించాలి. కాని మన ఇంటి నిర్ణయము మన చేతిలో ఉన్నది. శంషాబాద్ చుట్టుప్రక్కల స్థలము కొనదలచిన విశ్వాసులకు కొన్ని మాటలు చెప్పనివ్వండి.

చవకగా వస్తున్నదంటే ఎందుకు చవకో అడగండి. పాత పహాణీ తీసి చూడండి. అందులో శిఖం అని గాని, చెరువు, కుంట, నాలా అని గాని వ్రాసి ఉంటే అది నీళ్ళ చోటు. ఎండాకాలములో బీడుగా కనబడినంత మాత్రాన అది ఇంటి స్థలము కాదు. గ్రామ నక్షాలో వాగు గీత ఎక్కడుందో చూడండి. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు ఎంతవరకు వస్తుందో ఆ హద్దును ఎఫ్.టి.ఎల్. అంటారు. చెరువుల హద్దుల పటాలను హెచ్.ఎం.డి.ఏ. ప్రజలకు అందుబాటులో ఉంచింది. 2012 నాటి భవన నిర్మాణ నియమముల ప్రకారము, 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుల హద్దు నుండి 30 మీటర్లు, అంతకన్న చిన్నవాటికి 9 మీటర్లు బఫర్ జోన్‌గా విడిచిపెట్టాలి. రిజిస్ట్రేషన్ అయింది కదా, కరెంటు మీటరు వచ్చింది కదా అని నమ్మవద్దు. ఊరిలో ముసలివారిని అడగండి. "ఇక్కడ నీళ్ళు ఎక్కడిదాక వస్తుండె?" అని అడిగితే, కాగితాలలో దొరకని సంగతి వారు చేతితో చూపిస్తారు.

ఇసుక మీద ఇల్లు కట్టినవానిని గూర్చి ప్రభువు చెప్పిన సంగతి మనకందరికీ కంఠతా వచ్చు (మత్తయి 7:24-27). వాన కురిసింది, వరద వచ్చింది, ఇల్లు కూలింది. ఆ వాక్యమునకు ఆత్మీయ అర్థము చెప్పుకుంటూ, నిజముగా చెరువు మీదనే ఇల్లు కట్టుకుంటే ఎట్లా? ఇది విశ్వాసులకు మాత్రమే కాదు, సంఘములకు కూడా చెబుతున్నాను. మందిరము కొరకు చవకలో కుంట స్థలము ఇస్తామని వచ్చేవారు ఉంటారు. దేవుని పేరు మీద కట్టిన గోడ నీళ్ళ దారికి అడ్డము నిలిచి, ప్రక్క బస్తీలోని అన్యుని ఇల్లు ముంచితే, ఆ గోడ లోపల మనము పాడే పాట ఆయన చెవికి ఎట్లా వినబడుతుంది?

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఒక చిన్న ఆజ్ఞ ఉన్నది. ఎవడైనా క్రొత్త ఇల్లు కట్టుకుంటే దాని పైకప్పుకు పిట్టగోడ కట్టించాలి, ఎవరైనా పడి చనిపోతే ఆ రక్తదోషము ఇంటి మీదికి రాకూడదు (8వ వచనము). ఆ పిట్టగోడ ఇంటివాడు తన కొరకు కట్టుకొన్నది కాదు. వాడికి తన మిద్దె అంచు తెలుసు. చీకటిలో వచ్చే అతిథి కొరకు, ఆడుకొనే పొరుగింటి పిల్లవాని కొరకు అది. నీ ఇల్లు, నీ స్థలము, నీ డబ్బు అయినా, దానివలన ఇంకొకరికి కలిగే అపాయమునకు నీవే బాధ్యుడవని దేవుడు ధర్మశాస్త్రములోనే వ్రాయించాడు. మన ప్రాంతములో ఆ పిట్టగోడ అంటే వాగుకు విడిచిన చోటు, చెరువుకు విడిచిన హద్దు, ఇంటి ఆవరణలో వాన ఇంకడానికి తవ్విన గుంత.

అమ్మే సహోదరులకు కూడా ఒక మాట. మీ కష్టము దేవుడు చూచుచున్నాడు. మీ భూమికి న్యాయమైన ధర అడుగుట పాపము కాదు. పరిహారము కొరకు కలిసికట్టుగా అడగండి, మేము మీతో నిలబడతాము. కాని కొనేవాడు వాగును పూడ్చుతాడని తెలిసీ, ఆ సంగతి దాచి అమ్మవద్దు. ప్రేమ పొరుగువానికి కీడు చేయదని అపొస్తలుడైన పౌలు బోధించాడు (రోమా 13:10). ఆ పొరుగువాడు చాదర్‌ఘాట్‌లో అటక మీద పిల్లల పుస్తకములు దాచుకొన్న ఆ సహోదరి కూడా కావచ్చును.

నగరములో ఉన్నవారికి చివరి మాట. మీ ఇంటి కుళాయిలో నీళ్ళు వచ్చినప్పుడు, వానాకాలములో మీ వీధి మునగకుండా తెల్లవారినప్పుడు, ఎగువన ఎవరో తమ నేలను విడిచిపెట్టారని జ్ఞాపకము చేసుకోండి. ఆ ఊళ్ళ సంఘములు చిన్నవి, బీదవి. నగరములోని పెద్ద సంఘములు ఆ ఊళ్ళ పిల్లల చదువు కొరకు, వారి మందిరముల మరమ్మతు కొరకు చేయి చాపితే అది దానము అనిపించుకోదు. చాలాకాలముగా చెల్లించవలసిన రెండు దేనారములలో అది మొదటి కాసు.

ఈ నెలలో ఒక సాయంకాలము కుటుంబ ప్రార్థన సమయమున పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని ఈ రెండు ప్రశ్నలు అడగండి. మన ఇంటి మీద పడిన వాన ఎటు పోతుంది? దాని దారిలో ఎవరి ఇల్లు ఉన్నది? జవాబు తెలియకపోతే మరుసటి రోజు పిల్లలతో కలిసి ఆ కాలువ వెంట కొంత దూరము నడిచి చూడండి. తరువాత ఆ దిగువ ఇంటివారి కొరకు ప్రార్థించండి.

ప్రార్థన: నీళ్ళకు హద్దులు నియమించిన తండ్రీ, పైనున్నవారికి కనికరమును, దిగువనున్నవారికి కాపుదలను దయచేయుము. జలాశయముల గేట్ల దగ్గర రాత్రులు మేలుకొని ఉండేవారికి వివేకమునిమ్ము. పొరుగువాని భారములో మా పాలు మేము మోయునట్లు మాకు నేర్పుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.